కార్న్‌ఫోర్త్‌లో సీలియా జాన్సన్ కోసం

మాంచెస్టర్ నుంచి బారో వెళ్ళే రైలు లాంకాస్టర్ దాటాక హెస్ట్ బ్యాంక్ అనే చోట కాసేపు సముద్రం పక్కనుంచే పోతుంది. మేం వెళ్ళిన పూట నీళ్ళు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. మోర్‌కాంబ్ అఖాతమంతా తడి ఇసుక, మధ్యమధ్యలో మెరిసే నీటిపాయలు. "పెద్దమ్మా, త్వరగా ఫోటో తీసుకో, ఒక్క నిమిషంలో దాటిపోతాం" అంది మా చెల్లెలి కూతురు. ఫోటో తీసుకున్నాను గానీ నా మనసంతా రాబోయే స్టేషన్ మీదే ఉంది. కార్న్‌ఫోర్త్ లాంకషైర్‌లో ఒక చిన్న ఊరు. 1945 ఫిబ్రవరిలో ఆ ఊరి ప్లాట్‌ఫాం మీద సీలియా జాన్సన్ అనే నటి రాత్రిళ్ళు షూటింగ్ చేసింది. ఆ సినిమా పేరు 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్'.

మాది కాజీపేట. నాన్న రైల్వేలో గార్డు. జంక్షన్ ఊళ్ళో పెరిగిన పిల్లలకు ప్లాట్‌ఫాం మీద వీడ్కోళ్ళు చూడడం అలవాటే. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ షోలో ఈ సినిమా చూశాను. అందులో కథానాయిక లారా పెళ్ళైన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ప్రతి గురువారం పక్క ఊరికి వెళ్ళి సరుకులు కొనుక్కుని, లైబ్రరీలో పుస్తకం మార్చుకుని, ఒక సినిమా చూసి రైల్లో ఇంటికి చేరుతుంది. ఒక గురువారం స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంటే కంట్లో నలుసు పడుతుంది. అక్కడే టీ తాగుతున్న ఒక డాక్టర్ రుమాలు కొసతో దాన్ని తీస్తాడు. ఆయనకూ పెళ్ళైంది, పిల్లలున్నారు. తర్వాత కొన్ని గురువారాలు కలుసుకుంటారు, ప్రేమించుకుంటారు, విడిపోతారు. కథ అంతే. ఇంత చిన్న కథ నన్ను ఇన్నేళ్ళు వదలకపోవడానికి కారణం సీలియా జాన్సన్ ముఖం. పెద్ద కళ్ళు, సాదా టోపీ, సాదా కోటు. ఆవిడ అందగత్తె పాత్ర చెయ్యడం లేదు, మన పక్కింట్లో ఉండే మనిషిలా ఉంటుంది.

కార్న్‌ఫోర్త్‌లో దిగిన వెంటనే ముందు గడియారం కనిపిస్తుంది. ప్లాట్‌ఫాం మీద వేలాడే పెద్ద రెండు ముఖాల గడియారం. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది దాని కింద నిలబడి ఫోటో దిగుతారు. మేమూ దిగాం. నాకు గడియారం కన్నా ముఖ్యమైంది దాని వెనకాల ఉన్న మెయిన్ లైన్. లండన్ నుంచి గ్లాస్గో వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పటికీ ఆ పట్టాల మీదే పోతాయి, ఇక్కడ ఆగవు. మెయిన్ లైన్ వైపు ప్లాట్‌ఫాంలను 1970లో మూసేశారు. ఇప్పుడు బారో, లీడ్స్ వైపు వెళ్ళే చిన్న రైళ్ళు మాత్రమే ఆగుతాయి. మేం నిలబడి ఉండగానే ఒక ఎక్స్‌ప్రెస్ వచ్చి, గాలిని చీల్చుకుంటూ వెళ్ళిపోయింది. గుండె ఒక్కసారి జల్లుమంది. సినిమాలో లారా చివర్లో ఇలాంటి ఎక్స్‌ప్రెస్ వస్తున్నప్పుడే టీ గదిలోంచి పరిగెత్తుకుంటూ ప్లాట్‌ఫాం అంచుకు వస్తుంది. దాటిపోతున్న బోగీల కిటికీల వెలుగు ఆవిడ ముఖం మీద పడుతూ పోతూ ఉంటుంది. చచ్చిపోదామనుకున్న మనిషి ఆ క్షణంలో ఆగిపోయింది. సీలియా జాన్సన్ ఆ షాట్‌లో ఏడవదు, అరవదు. కళ్ళు విప్పార్చి అలా నిలబడిపోతుంది. రైలు వెళ్ళిపోయాక ఆ ముఖంలో మిగిలే అలసట చూడాలి.

స్టేషన్‌లోని పాత గదుల్లో ఇప్పుడు హెరిటేజ్ సెంటర్ నడుస్తోంది. 2003లో తెరిచారు. అంతకుముందు ఆ భవనాలు పాడుబడి ఉండేవట. స్థానికులు పూనుకుని బాగుచేయించుకున్నారు. ఒక చిన్న గదిలో సినిమాను మళ్ళీ మళ్ళీ వేస్తూ ఉంటారు. అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని సబ్‌వేలోకి తీసుకెళ్ళాడు. ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకో ప్లాట్‌ఫాంకు వెళ్ళడానికి ఇక్కడ మెట్లు లేవు, ఏటవాలు దారులున్నాయి. దర్శకుడు డేవిడ్ లీన్‌కు ఈ స్టేషన్ నచ్చడానికి అదో కారణమని చెబుతారు. రైలు అందుకోవడానికి లారా పరిగెత్తాలి, మెట్లైతే ఆ పరుగులో ఊపు రాదు. నేనూ ఆ దారిలో గబగబా నడిచి చూశాను. వాలు కాళ్ళను తనంతట తనే ముందుకు తోస్తుంది.

అసలు లండన్ చుట్టుపక్కల జరిగే కథకు ఇంత దూరం రావలసిన అవసరం యుద్ధం వల్ల వచ్చింది. 1945 ఫిబ్రవరి నాటికి ఐరోపాలో యుద్ధం ఇంకా ముగియలేదు. దీపాల మీద ఆంక్షలున్నాయి. కథ జరిగేదేమో యుద్ధానికి ముందు, స్టేషన్ దేదీప్యమానంగా వెలుగుతూ ఉండాలి. దక్షిణాన అన్ని లైట్లు వేస్తే విమానదాడికి పిలుపు ఇచ్చినట్టే. కార్న్‌ఫోర్త్ ఉత్తరాన దూరంగా ఉంది కాబట్టి, శత్రు విమానాలు వస్తున్నాయని కబురు తెలిస్తే లైట్లు ఆర్పడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకే ఇక్కడ అనుమతి ఇచ్చారు. మామూలు రైళ్ళకు అడ్డం రాకుండా రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా షూటింగ్. ఫిబ్రవరిలో, లాంకషైర్‌లో, అర్ధరాత్రి ప్లాట్‌ఫాం మీద. మేం వెళ్ళింది ఎండాకాలమే అయినా ఆ గాలికి శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. సినిమాలో ప్లాట్‌ఫాం బోర్డును జాగ్రత్తగా చూస్తే లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ పేర్లు కనిపిస్తాయి. కథలోని మిల్‌ఫర్డ్ జంక్షన్ కల్పితం, బోర్డు మాత్రం నిజంది.

ఆ చలిరాత్రుల్లో సీలియా జాన్సన్ సొంత జీవితం ఎలా ఉందో తెలిస్తే సినిమా ఇంకోలా కనిపిస్తుంది. ఆవిడ భర్త పీటర్ ఫ్లెమింగ్ పేరున్న యాత్రా రచయిత. జేమ్స్ బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ ఆవిడకు స్వయానా మరిది. యుద్ధంలో పీటర్ పనిచేసింది మన ఢిల్లీలో. జపాన్ సైన్యాన్ని తప్పుదారి పట్టించడానికి దొంగ సమాచారాలు అల్లి పంపే రహస్య విభాగానికి 1942 నుంచి ఆయనే అధిపతి. ఇక్కడ ఆవిడ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో నెటిల్‌బెడ్ ఇంట్లో, భర్తలను పోగొట్టుకున్న తన అక్కచెల్లెళ్ళలో ఒకరితో, దగ్గరి బంధువైన ఇంకొకరితో కలిసి, అందరి పిల్లలూ ఏడుగురిని చూసుకుంటూ ఉంది. పైగా మహిళా సహాయక పోలీసు దళంలో డ్యూటీ. నాటకాలైతే నెలల తరబడి రాత్రుళ్ళు ఇంటికి దూరంగా ఉండాలి. సినిమా, రేడియో త్వరగా అయిపోతాయి. ఆవిడ సినిమాల వైపు రావడానికి అదే పెద్ద కారణం. స్టార్‌డమ్ కోసం ఇల్లు వదిలిన కథలు చాలా విన్నాం. ఈవిడ ఇల్లు నడుపుకోవడానికి వీలుగా ఉంటుందని సినిమా చేసింది. భర్త వేల మైళ్ళ దూరంలో ఉన్న మనిషి, ఇంట్లో ఎదురుగా కూర్చున్న భర్తకు చెప్పుకోలేని మాటలన్నీ మనసులో చెప్పుకునే లారాగా నటించింది. సినిమా అంతా ఆ మనసులోని మాటే. పక్కన రష్యన్ స్వరకర్త రాఖ్‌మానినోవ్ రెండో పియానో కాన్సర్టో మోగుతూ ఉంటుంది.

ఆవిడ నటనలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆఖరి వీడ్కోలు. టీ గదిలో ఇద్దరూ చివరిసారి కూర్చుని ఉంటారు. ఇక జన్మలో కలవరు. అంతలో లారాకు తెలిసిన ఒక వసపిట్ట వచ్చి ఆ బల్ల దగ్గరే కూలబడి వాగడం మొదలుపెడుతుంది. డాక్టర్ లేచి, వెళ్ళేముందు లారా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, వెళ్ళిపోతాడు. ఒక్క మాట కూడా చెప్పుకోలేరు. సినిమా మొదలయ్యేదే ఈ సన్నివేశంతో. అప్పుడు మనకేమీ తెలియదు, ఎవరో ముగ్గురు టీ తాగుతున్నారంతే. చివర్లో అదే సన్నివేశం మళ్ళీ వస్తుంది. అప్పుడు ఆవిడ ముఖం చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. మర్యాదగా తలూపుతూ, ఎదుటి మనిషి మాటలు వింటున్నట్టే కూర్చుని, లోపల కుప్పకూలిపోతున్న మనిషిని ఆవిడ దాదాపు ఏమీ చెయ్యకుండా చూపించింది. కళ్ళతోనే ఇంత పని చేయించగలిగిన నటి మనకు సావిత్రి. ఆ తర్వాత నాకు ఈవిడే.

1947లో ఆస్కార్‌కు నామినేట్ అయింది, రాలేదు. ఒలీవియా డి హావిలాండ్‌కు వెళ్ళింది. న్యూయార్క్ విమర్శకులు మాత్రం 1946 ఉత్తమ నటిగా ఈవిడనే ఎంచుకున్నారు.

హెరిటేజ్ సెంటర్‌లోని టీ గదిని సినిమాలో ఉన్నట్టే తీర్చిదిద్దారు. చెక్క కౌంటరు, దాని మీద టీ మరిగించే పాత్ర. నిజానికి సినిమాలోని టీ గది డెన్‌హమ్ స్టూడియోలో వేసిన సెట్. ఇక్కడి గదిని చూసి అక్కడ సెట్ వేశారు, ఇప్పుడు ఆ సెట్‌ను చూసి ఈ గదిని దిద్దారు. నాకిది ఏమాత్రం కొరతగా అనిపించలేదు. టీ, స్కోన్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాం. మా అమ్మాయి ఫోన్‌లో సీలియా జాన్సన్ గురించి వెతుకుతూ, "సినిమాలు ఇంత తక్కువేంటి పెద్దమ్మా?" అని అడిగింది.

తక్కువే. ఆవిడ ప్రాణం నాటకంలో ఉంది. 1908లో రిచ్‌మండ్‌లో ఒక డాక్టర్ ఇంట పుట్టింది. బళ్ళో ఉండగా స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ నడిపించిన ఆర్కెస్ట్రాలో వాయించింది. లండన్‌లోని రాడా అనే నటనా విద్యాలయంలో శిక్షణ అయ్యాక 1928లో హడర్స్‌ఫీల్డ్‌లో తొలిసారి రంగస్థలం ఎక్కింది. 1940లో లండన్‌లో 'రెబెక్కా' నాటకం ఆడుతుండగా ఆ థియేటర్ మీద బాంబు పడి ప్రదర్శనలు ఆగిపోయాయి. తొలి పెద్ద సినిమా 1942లో వచ్చిన 'ఇన్ విచ్ వి సర్వ్'. అందులో నౌకాదళ కెప్టెన్ భార్య. భర్త ప్రేమించే ఓడే తనకు సవతి అని క్రిస్మస్ విందులో నవ్వుతూ చెప్పే ప్రసంగం ఒక్కటి చాలు, ఆవిడ ఎవరో తెలియడానికి. 1969లో 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ'లో హెడ్‌మిస్ట్రెస్‌గా మ్యాగీ స్మిత్‌కు ఎదురు నిలిచి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా గెలుచుకుంది. లారాలో చూసిన మెత్తదనం మచ్చుకైనా లేదు అందులో.

"మరి ఆ డాక్టర్‌తో ఈవిడ మళ్ళీ నటించలేదా?" అంది మా అమ్మాయి.

నటించింది, అదీ మన దేశంలో. డాక్టర్ పాత్ర చేసిన ట్రెవర్ హోవర్డ్, సీలియా జాన్సన్ 1980లో 'స్టేయింగ్ ఆన్' అనే టీవీ చిత్రం కోసం సిమ్లా వచ్చారు. పాల్ స్కాట్‌కు 1977లో బుకర్ తెచ్చిన నవల అది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇంగ్లండ్ వెళ్ళకుండా ఒక కొండ ఊళ్ళో ఉండిపోయిన ముసలి తెల్లదంపతుల కథ. కార్న్‌ఫోర్త్‌లో విడిపోయిన ఇద్దరూ ముప్పై ఐదేళ్ళకు భార్యాభర్తలుగా, రోజూ చిన్నచిన్న విషయాలకు కీచులాడుకుంటూ కనిపిస్తారు. భర్త చనిపోయాక పరాయి దేశంలో ఆవిడ ఒంటరిగా మిగిలిపోతుంది. ఈ చిత్రం చేసేనాటికి పీటర్ ఫ్లెమింగ్ పోయి తొమ్మిదేళ్ళు. బ్రీఫ్ ఎన్‌కౌంటర్ చేసేటప్పుడు భర్త మన దేశంలో, తను ఇంగ్లండ్‌లో. ఇక్కడికి తను వచ్చేసరికి ఆయన లేడు. ఆ చివరి సన్నివేశాల్లో ఆవిడ గొంతు వింటుంటే నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది.

1981లో ఆవిడకు డేమ్ బిరుదు ఇచ్చారు. మరుసటి ఏడు రాల్ఫ్ రిచర్డ్‌సన్‌తో కలిసి ఒక నాటకం ఆడుతూ, సెలవు దొరికి నెటిల్‌బెడ్ వచ్చి, స్నేహితులతో బ్రిడ్జ్ పేకాట ఆడుతుండగా పక్షవాతం వచ్చి కుప్పకూలింది. ఏప్రిల్ 26న పోయింది. డెబ్బై మూడేళ్ళు.

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు, "లారా ఆ డాక్టర్‌తో వెళ్ళిపోవాల్సింది" అంది మా అమ్మాయి. ముప్పై ఏళ్ళ పిల్ల, అలా అనడం నాకు వింతగా అనిపించలేదు. చిన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆఖర్లో భర్త ఫ్రెడ్ పేపర్లోని పదకేళి పక్కన పెట్టి, చాలా దూరం వెళ్ళావు, తిరిగొచ్చావు, సంతోషం అన్నట్టు మాట్లాడినప్పుడు లారా ఏడుస్తూ అతని మీద వాలిపోతుంది చూడండి, ఆ ఏడుపులో ఉపశమనం కూడా ఉందని నా నమ్మకం. ఆ మాటే చెప్పాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ప్రెస్టన్ వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం. వచ్చే వారం తన ఇంట్లో సిమ్లా సినిమా చూసి మాట్లాడదాం అంది.