గిలక మీద చంద్రుని గురుత్వం: మూడవ వారం

మల్కాజిగిరిలోని మా ఇంటి వసారాలో, మూడు వారాల ప్రయత్నం తరువాత, ఒక తూకపు రాయి చంద్రునిపై పడినంత నెమ్మదిగా కిందికి దిగింది. చంద్రుని ఉపరితలంపై గురుత్వ త్వరణం 1.62 మీ/సె², హైదరాబాదులో సుమారు 9.78 మీ/సె². ఒక మీటరు ఎత్తు నుండి వదిలిన వస్తువు ఇక్కడ 0.45 సెకనులో నేలను తాకితే, అక్కడ 1.11 సెకన్లు తీసుకుంటుంది. బరువు ఆరో వంతైనా పడే సమయం ఆరు రెట్లు కాదు, ఆరు వర్గమూలమంత, అంటే దాదాపు రెండున్నర రెట్లే పెరుగుతుంది. దీనిని స్వయంగా కొలిచి చూడాలన్నదే నా కోరిక.

గిలక మీదుగా వేసిన మైనపు దారానికి రెండు కొసలా అరకిలో రాళ్లు కట్టి, ఒక వైపు అదనంగా 200 గ్రాముల రాయి చేర్చాను. కదలవలసిన ద్రవ్యరాశి 1200 గ్రాములు కాగా, దానిని కదిలించేది 200 గ్రాముల బరువు మాత్రమే. ఈ పరికరంలోని అందమంతా ఇక్కడే ఉన్నది. 1200 గ్రాముల వస్తువును చంద్రునిపైకి తీసుకువెళ్లినా దాని ద్రవ్యరాశి పిసరంతైనా తగ్గదు. చంద్రుడు దానిని లాగే బలం మాత్రం ఇక్కడి 200 గ్రాముల రాయి బరువుకు దాదాపు సమానం.

మొదటి వారం బావి గిలకనే వాడాను. సెకనుకు 240 ఫ్రేముల చొప్పున ఫోనుతో తీసిన వీడియోలో మీటరు దూరానికి 324 ఫ్రేములు, అనగా 1.35 సెకన్లు పట్టింది. అరకిలో దాటిన ఇనుప గిలకను తిప్పడానికే బలంలో కొంత భాగం ఖర్చవుతున్నదని, ఇరుసు రాపిడికి మరికొంత పోతున్నదని గ్రహించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. రాణిగంజ్‌లో 608 నంబరు బాల్ బేరింగు కొని, లోపలి గ్రీజును కిరోసిన్‌తో కడిగి, తుప్పు పట్టకుండా ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి గిలకకు బదులుగా బిగించాను. సమయం 271 ఫ్రేములకు తగ్గింది. మిగిలిన రాపిడికి సరిపడేలా బరువైన వైపు 8 గ్రాముల వాషర్లు కట్టగా, పది సార్లలో ఏడు సార్లు 265కూ 267కూ మధ్యనే వచ్చింది. లెక్క ప్రకారం రావలసినది 266.

"చంద్రుని ద్రవ్యరాశి భూమిలో 81వ వంతే కదా మామయ్యా, మరి గురుత్వం ఆరో వంతు ఎలా అవుతుంది?" అని మా మేనకోడలు అడిగింది. చాలా మంచి ప్రశ్న. భూమి వ్యాసార్ధం 6371 కి.మీ., చంద్రునిది 1737 కి.మీ.; అక్కడి నేల కేంద్రానికి 3.67 రెట్లు దగ్గర. ఆ దగ్గరతనపు వర్గం, దాదాపు 13.5 రెట్లు, లోటును చాలావరకు పూడుస్తుంది.

1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలితే, గాలి లేని ఆ చోట రెండూ కలిసే నేలను చేరాయి. ఆ ఎత్తుకు దగ్గరగా, వచ్చే ఆదివారం 1.6 మీటర్లు కొలుస్తాను, 1.4 సెకన్లు రావాలి. అందుకు దూలానికి కొత్త కొక్కెం బిగించి, రాయి పడే చోట ఇప్పుడున్న గోనెసంచిని రెండు మడతలు ఎక్కువ వేయాలి.