వైనతేయ ఉప్పు లాగ్: ఆదివారం ఏడు గంటల చిక్కు

చిక్కు వీడింది! గోదావరి పాయ వైనతేయ మీద, బోడసకుర్రు రేవులో ఒకే మెట్టు దగ్గర, ఒకే గంటకి, ఒకే ఈసీ పెన్నుతో (నీళ్లు కరెంటుని ఎంత మోస్తాయో కొలిచి ఉప్పు చెప్పే చిన్న మీటరు) తీస్తున్న రీడింగులు ఒక వారం సెంటీమీటరుకి 2.1 మిల్లీసీమెన్స్, మరుసటి వారం 8.4, ఆ పై వారం మళ్లీ 2.6. వేసవి పొడుగునా ఇదే వరస. దీనికి కారణం నీళ్లలో వెతికాను, మీటర్లో వెతికాను, సీసాల్లో వెతికాను. చివరికి ‘ప్రతి ఆదివారం ఏడింటికి’ అని రాసుకున్న ప్లాన్ షీట్ మొదటి పేజీలోనే దొరికింది.

ఆ షీట్ గురించి కాస్త చెప్పాలి. వ్యవసాయ పరిశోధనలో రిటైరైన మా మావయ్య, ఉద్యోగంగా రీసెర్చ్ చేసేవాళ్లు ప్లాన్ ఎలా రాస్తారో పట్టుబట్టి నేర్పిస్తున్నాడు. ‘డెల్టాలో ఉప్పు పెరుగుతోందా’ అని నేను రాసుకెళ్తే, ‘ప్రశ్న ఒక్క వాక్యంలో రాయరా, దానికి జవాబు ఏ కాలమ్‌లో పడుతుందో వేలు పెట్టి చూపించు’ అన్నాడు. చూపించలేం. పెరిగిందో లేదో తేలాలంటే పాత లెక్కలు కావాలి, చాలామంది మనుషులు కావాలి. కోసుకుంటూ పోతే మిగిలింది ఇది: వేసవిలో సాగు కాలువలకి నీళ్లు ఆపేశాక ఈ రేవులో పైపొర నీళ్లు ఎప్పుడెప్పుడు 3 మిల్లీసీమెన్స్ దాటుతున్నాయి? సాగునీటికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పెట్టిన గీతల్లో 0.7 లోపు ఇబ్బంది లేదు, 3 దాటితే గట్టి ఆంక్షలు. నదిలో ఇంజన్ పెట్టి తోటకి నీళ్లు తోడుకునే రైతుకి పనికొచ్చే ప్రశ్న ఇదే.

ఇక అసలు తలనొప్పి. మొదటి అనుమానం కాలిబ్రేషన్ మీద. 1413 మైక్రోసీమెన్స్ (అంటే 1.413 మిల్లీసీమెన్స్) చూపించాల్సిన ద్రావణంలో పెన్ను ముంచి, రేవుకి వెళ్లే ముందు, వచ్చాక చూశాను. 1405, 1420 మధ్యే తిరిగింది. తర్వాత టెంపరేచర్. డిగ్రీకి దాదాపు 2 శాతం తేడా వస్తుంది, నీళ్లు 27 నుంచి 31 డిగ్రీల మధ్య ఉన్నాయి. పెన్నులో కరెక్షన్ అసలు పనిచేయలేదనుకున్నా 8 శాతమే, నాలుగు రెట్లు ఎక్కడ?

డైల్యూషన్ మీద చాలా రోజులు పోయాయి. నా పెన్ను 10 మిల్లీసీమెన్స్ దాటితే చేతులెత్తేస్తుంది కాబట్టి ఎక్కువ ఉప్పున్న సీసాల్లో ఒక వంతుకి తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెని పదితో గుణిస్తున్నా. పల్చబడ్డ ఉప్పునీరు తన వంతు కంటే కాస్త ఎక్కువ కరెంటు మోస్తుంది. 12.88 మిల్లీసీమెన్స్ కాలిబ్రేషన్ ద్రావణాన్ని పది రెట్లు పల్చన చేస్తే 1.288 రాదు, 1.41 వస్తుంది. అంటే దాదాపు 10 శాతం ఎక్కువ చూపిస్తుంది. దిద్దుకోవాల్సిందే, కానీ 2కీ 8కీ మధ్య తేడాకి ఇదీ చాలదు.

లోతు సంగతి చూస్తే మాత్రం ఇదేనేమో అనిపించింది. పడవ మాట్లాడుకుని, సీసాకి రాయి కట్టి, బిరడాకి విడిగా తాడు కట్టి దింపాం. పైన 2.3, మీటరు లోతున 3.1, మూడు మీటర్ల దగ్గర 9.4. బరువైన ఉప్పునీరు అడుగున పాకుతోందని కళ్లకి కట్టినట్టు కనిపించింది. అయితే నా ఆదివారం సీసాలన్నీ జానెడు లోతులోనివే. రొయ్యల చెరువుల నీళ్లేమోనని డ్రైన్ మూతి దగ్గరా చూశాను. అక్కడ 4కి అటూ ఇటూ ఉంది గానీ వారం మార్చి వారం ఎగరడం లేదు.

చివరికి రీడింగులన్నీ గ్రాఫ్ పేపర్ మీద పెడితే రంపపు పళ్లు. వారం పైకి, వారం కిందికి. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఏడు రోజులకి 350 నిమిషాలు, అంటే 5 గంటల 50 నిమిషాలు. పోటుకీ ఆటుకీ మధ్య ఉండేది సుమారు 6 గంటల 12 నిమిషాలు. ఒక ఆదివారం ఏడింటికి పోటు ఉంటే మరుసటి ఆదివారం ఏడింటికి దాదాపు ఆటే! సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినవాళ్లు ఏలియాసింగ్ (మరీ అరుదుగా కొలిస్తే లేని వరస కనిపించడం) అని వెంటనే పట్టేసేవారు. పడవ బాబాయికి చెప్తే ‘ఆయ్, తమరు ఓ వారం నీరెక్కేటప్పుడొస్తారు, ఓ వారం నీరు తీసేటప్పుడొస్తారండి’ అన్నాడు.

పదిహేను రోజులకోసారి అని మార్చినా కుదరదు. అప్పుడు ఎప్పుడూ పున్నమి, అమావాస్యల పెద్ద పోటే దొరుకుతుంది, లేదా ఎప్పుడూ అష్టమి నాటి చిన్న పోటే. అందుకే కొత్త ప్లాన్‌లో తేదీ కాలమ్ పక్కన తిథి కాలమ్ వచ్చింది: పున్నమి, అష్టమి, అమావాస్య, మళ్లీ అష్టమి. ప్రతిసారీ నీరు నిలబడ్డ రెండు వేళలు, నిండు పోటు దగ్గర ఒకటి, నిండు ఆటు దగ్గర ఒకటి. కాకినాడ పోటు అంచనాలు తీసుకుంటున్నా, కానీ రేవులో అదే గంటకి నిండదు. మార్కులు వేసిన వెదురు గెడ పాతి చూస్తే గంటా పావు ఆలస్యం తేలింది. పున్నమికీ అష్టమికీ ఈ ఆలస్యం మారుతుందేమో ఇంకా చూడాలి.

మిగతావి బాగున్నాయి: కాలువ నీళ్లు వదిలి ఉన్నప్పుడు 0.3 దగ్గర కదలకుండా ఉన్నాయి, ఫోన్‌లో రీడింగులు నింపే కోబో ఫారం సిగ్నల్ లేకపోయినా పనిచేసింది.

సామాను గురించి అడిగేవాళ్లకి: డబ్బుంటే హన్నా కంపెనీ పెన్నే కొనండి. పేరులేని టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల) పెన్నుల్లో పీపీఎం అంకె నేను అసలు రాసుకోను. కరెంటు రీడింగుని లవణాల లెక్కగా మార్చే గుణకం లోపల 0.5 పెట్టారా 0.7 పెట్టారా అన్నదాన్ని బట్టి ఒకే నీళ్లు 1000 అనీ 1400 అనీ చూపిస్తాయి. ఏ వారం ఏ పనో గడుల్లో చూపించే గాంట్ చార్ట్ కూడా ప్లాన్‌లోంచి తీసేశాను. చంద్రుణ్ణి బట్టి నడిచే పనికి వారాల గడులు సరిపడవు, గోడ మీది తెలుగు క్యాలెండరే నయం.

పాత రీడింగుల్ని పారేయబోవడం లేదు. ప్రతిదానికీ ఆ రోజు పోటు వేళ వెనక్కి లెక్కగట్టి, ‘పోటు నుంచి ఎన్ని గంటలు’ అనే కాలమ్ చేరుస్తున్నా. ఆ తర్వాత కిందికి ఓడలరేవు, పైకి గన్నవరం అక్విడక్ట్ దాకా ఇంకో రెండు చోట్లు కలపాలని ఉంది. కాలువలకి మళ్లీ నీళ్లు వదిలేలోపు మొదలుపెట్టాలి. వశిష్ఠ వైపు నర్సాపురం రేవులో ఎవరైనా గెడ పాతి పున్నమికీ అష్టమికీ రీడింగులు తీయగలిగితే చెప్పండి, నా ఫారం, ద్రావణాలు పంపిస్తాను.