నాలుగో మందు

"నెలకు మూడు మందుల వరకే ప్రభుత్వం భరిస్తే చాలదా?" ఈరోజు ఒకరు అడిగారు. వినగానే అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం గుర్తొచ్చింది.

1981లో ఆ రాష్ట్రం మెడికెయిడ్‌లో, అంటే పేదల వైద్య ఖర్చు భరించే ప్రభుత్వ పథకంలో, సరిగ్గా ఇదే చేసింది. నెలకు మూడు ప్రిస్క్రిప్షన్లు, అంతే.

గుండె బలహీనపడి, షుగర్ కూడా ఉన్న పెద్దావిడను ఊహించుకోండి. ఇన్సులిన్, గుండె మందు డిగాక్సిన్, బీపీ మాత్ర. మూడూ అయిపోయాయి. నాలుగోది ఫ్యూరోసెమైడ్, ఒంట్లో చేరే నీటిని మూత్రంలో పంపేసేది. అది ఆగితే ముందు కాళ్లు వాస్తాయి, బరువు పెరుగుతుంది, తర్వాత పడుకుంటే ఊపిరాడదు. చౌకైన మాత్ర డబ్బు మిగిలింది, ఆసుపత్రి మంచం ఖర్చు మీద పడింది.

అక్కడ మూడు, అంతకన్నా ఎక్కువ మందులు వాడే వృద్ధుల్లో వాడకం 35 శాతం పడిపోయింది. నర్సింగ్ హోముల్లో, అంటే ఇంట్లో ఉండలేని వృద్ధులను చూసుకునే కేంద్రాల్లో, చేరే ముప్పు దాదాపు రెట్టింపైంది.

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్ల లెక్క ఇంకా బాధాకరం. మందుల మీద మిగిలిన ప్రతి డాలరుకు మానసిక వైద్య సేవలకు 17 డాలర్లు అదనంగా పోయాయి. వాళ్లు పడ్డ నరకం ఆ లెక్కలోకి రాలేదు.

పదకొండు నెలలకు పరిమితి ఎత్తేసి, ప్రిస్క్రిప్షన్‌కు ఒక డాలరు చొప్పున రోగి కట్టాలని పెట్టారు. మందుల వాడకం దాదాపు మునుపటి స్థాయికి వచ్చింది.

నర్సింగ్ హోముకు వెళ్లినవాళ్లు మాత్రం చాలావరకు మళ్లీ ఇంటికి రాలేదు.