పాస్‌పోర్టు ‘లాస్ట్’ అని రాయించడం: నా అనుభవం

మా ఇంట్లో ఒక పాస్‌పోర్టు పోతే, దాని బదులు కొత్తది తెప్పించే పని నా మీద పడింది. ఫీజు కట్టడం, అపాయింట్‌మెంటు తీసుకోవడం చిక్కు కాదు. చిక్కంతా పోలీసులకిచ్చే కాగితంలో, అఫిడవిట్‌లో రాయాల్సిన ఒక్క ఇంగ్లీషు మాట దగ్గరే.

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో మనం ‘పోయింది’ అంటాం. స్టేషన్లో ఒడియాలో ‘హజిగలా’ అని రాస్తారు. ఇంగ్లీషు కాగితం దగ్గరికొచ్చేసరికి ‘మై పాస్‌పోర్ట్ వజ్ మిస్డ్’ అని రాసేవాళ్లు మా వైపు బోలెడుమంది. ఫోను మిస్సయింది, బస్సు మిస్సయ్యాను అనే అలవాటే కారణం. ఇంగ్లీషులో బస్సు విషయంలో ఆ మాట సరిపోతుంది గానీ పాస్‌పోర్టుకి కాదు. కనబడడం లేదంటే ‘మిస్సింగ్’. అదీ ఉండాల్సిన చోట లేదన్నంత వరకే; తర్వాత దొరికిందా లేదా అన్నది తేలదు. ‘మిస్‌ప్లేస్డ్’ ఇంకా మెత్తనిది, ఎక్కడో పెట్టి మరిచారని అర్థం. ఇంట్లో సరిగ్గా వెతికారా అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. ‘స్టోలెన్’ అంటే దొంగతనం, నేరం. ఎవరైనా తీశారని ఆధారం ఉంటేనే ఆ మాట వాడాలి, ఊహ మీద కాదు. మిగిలింది ‘లాస్ట్’, అంటే పోగొట్టుకున్నది. పాస్‌పోర్టు దరఖాస్తులో రీ ఇష్యూకి కారణం కింద ఉండేదీ అదే.

వాక్యంలో దాన్ని పెట్టేటప్పుడే జాగ్రత్త. ‘ఐ లాస్ట్ మై పాస్‌పోర్ట్’ సరైనదే, ‘మై పాస్‌పోర్ట్ వజ్ లాస్ట్’ కూడా సరైనదే. ‘ఐ వజ్ లాస్ట్’ అంటే మాత్రం దారి తప్పింది మనమే. ‘లాస్’ నామవాచకం కాబట్టి విషయం గడిలో ‘లాస్ ఆఫ్ పాస్‌పోర్ట్’ అని రాసుకోవచ్చు, ‘ఐ లాస్ మై పాస్‌పోర్ట్’ కుదరదు. టైపు చేసేవాళ్లకు నోటితో చెబితే ఇంకో గండం: మన ఉచ్చారణలో చివరిది అనే ‘లాస్ట్’కీ దీనికీ తేడా వినబడదు. మొదటిదాంట్లో రెండో అక్షరం ‘ఏ’, దీంట్లో ‘ఓ’. ఆ ఒక్క అక్షరం మారితే ‘పోయిన పాస్‌పోర్టు’ కాస్తా ‘కిందటి పాస్‌పోర్టు’ అయిపోతుంది, వాక్యం తప్పుగా కూడా కనబడదు. అందుకే నేను చేత్తో రాసి ఇచ్చి, ప్రింటు తీసే ముందు తెర మీద చదివాను.

అఫిడవిట్ నమూనా అనెగ్జర్ ‘ఎఫ్’. పోయిన, పాడైన పాస్‌పోర్టులు రెండింటికీ ఒకటే నమూనా కనుక ‘డ్యామేజ్డ్’ అన్నది కొట్టేయాలి. ఎలా, ఎప్పుడు పోయింది, ఏ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చారు, ఇంతకుముందు ఎన్ని పోయాయి అన్నవి అందులో అడుగుతారు. పోలీసు కాగితంలో ‘మిస్సింగ్’, ఇక్కడ ‘లాస్ట్’ అని ఉంటే కౌంటరు దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. రెండింట్లోనూ మాట, తేదీ, చోటు ఒకటే ఉండాలి.

చోటు సంగతి సరిహద్దులో మరీ ముఖ్యం. గుణుపురం నుంచి నౌపడ వెళ్లే రైలు మన జిల్లా దాటి ఆంధ్రలోకి పోతుంది. ఆంధ్ర వైపున్న పాతపట్నంలో పోయిందని రాస్తే మన స్టేషన్ వాళ్లు అటు వెళ్లమనే అవకాశం ఎక్కువ. నిజంగా ఎక్కడ పోయిందో తెలియకపోతే తెలియదనే రాసి, లేదని ఎక్కడ గమనించామో చెప్పడం మేలు. అబద్ధం మాత్రం వద్దు, కింద సంతకం ప్రమాణం మీద పెడుతున్నాం.

పెద్దవాళ్ల 36 పేజీల పాస్‌పోర్టు పోతే మామూలు పద్ధతిలో ఫీజు 3000 రూపాయలు, తత్కాల్‌లో 5000. పాత పాస్‌పోర్టు జిరాక్సు ఉంటే నంబరు, జారీ తేదీ వెతుక్కునే బాధ తప్పుతుంది.

కొత్తది వచ్చాక పాతది ఏ పెట్టె అడుగునో దొరికినా దానితో ప్రయాణం చేయకూడదు. అది రద్దయిపోయి ఉంటుంది, పాస్‌పోర్టు ఆఫీసుకి అప్పగించాలి.