కుప్పె కింద గుర్తు కనుమరుగయ్యే దాకా

గాఢత, ఉష్ణోగ్రత, ఉపరితల వైశాల్యం, ఉత్ప్రేరకం అని రసాయన చర్యా వేగాన్ని మార్చే కారకాలను పరీక్షల కోసం ఎన్నోసార్లు వల్లె వేశాను గాని, మొదటి రెండింటినీ స్వయంగా కొలవడానికి కూర్చున్న రోజున గాని వాటి బలాబలాలు నాకు తెలిసిరాలేదు.

ప్రయోగం తేలికైనదే. తెల్లకాగితంపై నల్లగా ఇంటూ గుర్తు గీసి, దానిమీద శాంకవ కుప్పె ఉంచి, అందులోని 50 మిల్లీలీటర్ల సోడియం థయోసల్ఫేట్ ద్రావణానికి 5 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన క్షణం నుంచి, గంధకపు సూక్ష్మరేణువులు కమ్ముకుని గుర్తు కనబడకుండా పోయేదాకా పట్టే కాలాన్ని లెక్కించాలి. ద్రావణం ముందు లేత నీలిఛాయతో మసకబారి, తర్వాత పాలలా తెల్లబడి, చివరకు పసుపు తిరుగుతుంది.

ఒకే మిశ్రమంతో మూడుసార్లు చేస్తే 24, 21, 18 సెకన్లు వచ్చాయి. ఏమీ మార్చకుండానే వేగం ఎలా పెరుగుతోందో పాలుపోలేదు. కుప్పెను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, నీళ్లతో తొలిచినా పోని గంధకం అడుగున పలుచని పొరలా అంటుకుని ఉంది. బ్రష్‌తో తోమాక మళ్లీ 24 దగ్గరే నిలకడగా వచ్చింది. ద్రావణంలో సగం తీసి అంతే నీరు చేర్చితే 49 సెకన్లు పట్టింది. అణువుల అభిఘాతాలు, అంటే ఒకదాన్నొకటి ఢీకొనడాలు, తగ్గితే వేగం ఎంత తగ్గుతుందో కళ్లకు కట్టింది.

ఆ పలుచని ద్రావణాన్నే 30 డిగ్రీల నుంచి 40కి వేడిచేసినప్పుడు 30 సెకన్లు వచ్చింది. నేను ఆశించింది అంతకన్నా తక్కువ. పొరపాటు ఉష్ణమాపకం ఉంచిన చోట ఉంది: అది చుట్టూ ఉన్న నీటి తొట్టిలో ఉంది, కుప్పె లోపల 38 డిగ్రీలే. ఆమ్లాన్ని కూడా అదే తొట్టిలో వేడిచేసి, ఉష్ణోగ్రతను ద్రావణంలోనే చూసి మళ్లీ కలిపితే 26 సెకన్లు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ అంకే. పది డిగ్రీలకు అణువుల సగటు గతిజశక్తి పెరిగేది సుమారు 3 శాతమే, అయినా కాలం దాదాపు సగానికి పడిపోయింది. ఢీకొనడాలు పెరగడం ఇందులో స్వల్పభాగం. ఉత్తేజన శక్తిని, అంటే చర్య జరగడానికి కావలసిన కనీస శక్తిని, దాటగల అణువుల వాటా రెట్టింపుకు చేరువ కావడమే అసలు కారణం. 1889లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త అర్హీనియస్ సమీకరణంగా రాసింది దీన్నే.

50 డిగ్రీల వద్ద 14 సెకన్లు వచ్చింది. అక్కడ ఒక్క సెకను తేడా కూడా ఏడు శాతం దోషమవుతుంది కనుక అంతటితో ఆపి, ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ ఇంకా వెలువడకుండా కుప్పెలోని ద్రావణాన్ని సోడియం కార్బొనేట్ ద్రావణంలో పోసేశాను.