చాపిన చేతికి పది సెకన్లు

బుధవారం, రాత్రి

ఇవాళ ఓపీ మామూలే. ఆ రద్దీలో ఎక్కువగా తప్పిపోయేది ఒకటుంది. వణుకుతో వచ్చినవాళ్లను చేతులు చాపమన్నాక మనం ఎంతసేపు చూస్తున్నాం?

పార్కిన్సన్స్ వణుకు ఒళ్లో ఊరికే పెట్టుకున్న చేతిలో కనిపిస్తుంది. సెకనుకు 4 నుంచి 6 సార్లు, మొదట్లో ఒక పక్కనే. చేతులు చాపగానే ఆగిపోతుంది, కొన్ని సెకన్లు గడిచాక మళ్లీ మొదలవుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో (వేరే నరాల జబ్బు లక్షణాలు లేకుండా, చేతులు వాడేటప్పుడు వచ్చే వణుకు) చాపీ చాపగానే రెండు చేతులూ వణుకుతాయి. రెండు సెకన్లు చూసి వదిలేస్తే మొదటిది దొరకదు. కాస్త ఆలస్యంగా చూస్తే రెండూ ఒకేలా కనబడి, ఎసెన్షియల్ అని రాసేస్తాం. అందుకే చాపిన క్షణం నుంచి కనీసం పది సెకన్లు కళ్లు తిప్పకుండా చూడాలి. తర్వాత వరండాలో నడిపించాలి. ఒక చెయ్యి ఊపు తగ్గి, వేళ్లు వణుకుతుంటే అనుమానం బలపడుతుంది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే అణిగి ఉన్న వణుకు కూడా బయటపడుతుంది. కాగితం మీద సుడి గీయించేటప్పుడు ముంజేయి బల్లకు ఆననివ్వకూడదు, ఆనితే వణుకు దాగిపోతుంది.

మందుల సంచీ బల్ల మీద గుమ్మరించకుండా ఏ జబ్బు పేరూ రాయకూడదని నా పట్టుదల. కళ్లు తిరుగుతున్నాయని ఏళ్ల తరబడి మింగే సిన్నారిజిన్, ఫ్లునారిజిన్ అచ్చం పార్కిన్సన్స్‌లాంటి లక్షణాలే తెస్తాయి. ఆపాక తగ్గడానికి నెలలు పట్టొచ్చు. మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్, మానసిక జబ్బుకిచ్చే లిథియం, ఆయాసానికిచ్చే సాల్బుటమాల్ చాపిన చేతిని వణికిస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనా అంతే.

వయసు 40 లోపయితే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధిని వదలకూడదు: రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీన్), 24 గంటల మూత్రంలో రాగి, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష. మందుతో లొంగే జబ్బును చూడకుండా వదిలేయడం కంటే బాధ ఇంకేముంటుంది!

స్కాన్ చేస్తే తేలిపోదా అని ఇంటివాళ్లు అడుగుతారు. మెదడులో డోపమైన్ నరాల చివరలను చూపే ట్రోడాట్ స్కాన్ పార్కిన్సన్స్‌లో తగ్గుదల చూపిస్తుంది. ఎసెన్షియల్‌లో, మందుల వల్ల వచ్చిన దాంట్లో మామూలుగానే ఉంటుంది. కానీ పార్కిన్సన్స్‌నీ, దాన్ని పోలిన ఎంఎస్ఏ (మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ) అనే మరో మెదడు జబ్బునీ అది విడదీయలేదు. డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగిసి మెలితిరిగే జబ్బు) వణుకునీ ఎసెన్షియల్‌నీ కూడా అంతే. అరచెయ్యి తిప్పే కోణాన్ని బట్టి వణుకు పెరిగి, ఒకచోట ఆగితే డిస్టోనియా గుర్తుకు రావాలి.

2018 నాటి అంతర్జాతీయ నిపుణుల నిర్వచనం ప్రకారం ఎసెన్షియల్ అనడానికి కనీసం 3 ఏళ్ల వణుకు ఉండాలి. ఆరు నెలలకే ఆ పేరు పెడితే తర్వాత చూసేవాళ్లు మళ్లీ పరీక్షించరు. "వణుకు, రకం ఇంకా తేలలేదు" అని రాసి, అనుమతి తీసుకుని చేతుల వీడియో తీసి, ఆరు నెలలకు రమ్మని తేదీ వేయాలి.