మోకాలి ముందు కే

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున్న అత్తయ్యని మోకాళ్ళ డాక్టరుకి చూపించి వచ్చాను. తరవాణి అన్నం తిని బయల్దేరేసరికే ఎనిమిదయింది. మా మరిది కూతురు కూడా వస్తానంది. ఆరో తరగతి గుంట, సోమవారం ఇంగ్లీషు స్పెల్లింగుల పరీక్ష, ఆటోలో కూడా పుస్తకం వదల్లేదు. మొహం మాత్రం నిన్నటి నుంచీ వాడిపోయే ఉంది. ఏటయిందని అడగ్గా అడగ్గా చెప్పింది. క్లాసులో మోకాలికి ఇంగ్లీషు మాట "నీ" (knee) చదవమంటే "క్నీ" అని చదివిందట. పిల్లలంతా ఒకటే నవ్వట.

"రాసుంది కదా పెద్దమ్మా, కే అని. పలకనప్పుడు రాయడం ఎందుకు?"

"అది సైలెంటమ్మా" అన్నాను. ఆ మాట అంటుంటేనే నాకు తృప్తిగా లేదు. నా చిన్నప్పుడు నాకూ అదే చెప్పారు. నేనూ అలాగే నోరు మూసుకున్నాను.

ఆసుపత్రిలో చీటీ రాసే అబ్బాయి ఒడియాలో "ఆంఠు?" అన్నాడు. అత్తయ్య "మోకాలే బాబూ, కుడిది" అంది. డాక్టరు గారు ఇంగ్లీషులో రాశారు. ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఏ నొప్పికైనా ఇలా మూడు పేర్లు ఉండాల్సిందే. మందుల షాపు దగ్గర నిలబడ్డప్పుడు గుంట ఆ చీటీ తీసుకుని చదివి, "డయాగ్నోసిస్‌లో జీ పలుకుతాం కదా, మోకాలి 'నీ' ముందు కే ఏం పాపం చేసింది?" అంది.

ఆ ప్రశ్నే రోజంతా నాతో తిరిగింది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని మామగారి పాత డిక్షనరీ దించాను. మాట ఎక్కడి నుంచి పుట్టిందో కూడా చెప్పే లావుపాటి పుస్తకం అది. గుంటని పక్కన కూర్చోబెట్టుకుని కే, ఎన్ కలిసి మొదలయ్యే మాటలన్నీ వేలు పెట్టి చూశాం. మోకాలు, కత్తి, ముడి, అల్లడం, వేలి కణుపు, పిండి పిసకడం, తెలుసుకోవడం. పూర్వం ఇంగ్లీషువాళ్ళు వీటన్నిటిలో కే పలికేవారు. ఇంచుమించు 17వ శతాబ్దంలో నోటిలోంచి అది జారిపోయింది, అచ్చులో మాత్రం ఉండిపోయింది. జర్మన్లు ఇప్పటికీ మోకాలిని "క్నీ" అనే అంటారు. అంటే మా పిల్ల తప్పు చదవలేదు. పాత పలుకు పలికింది, అంతే. ఇది చెప్పేసరికి దాని కళ్ళు చూడాలి!

అసలు సంగతి "తెలుసుకోవడం" దగ్గర ఉంది. ఇంగ్లీషు "నో" (know) ముందున్న ఆ కే, మన జ్ఞానంలో ఉన్న జ్ఞ, గ్రీకు గ్నోసిస్‌లో ఉన్న గ్న, మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని కలకత్తాలో జడ్జీగా ఉన్న విలియం జోన్స్ 1786లో అక్కడే చెప్పాడు కదా, ఆ చుట్టరికమే ఇది. గ్రీకులో డయాగ్నోసిస్ అంటే విడదీసి తెలుసుకోవడం. ఇగ్నొరెన్స్, అజ్ఞానం రెండూ ఒకే పద్ధతిలో కట్టిన మాటలు, ముందు "కాదు", వెనక "తెలివి". ప్రోగ్నోసిస్ (జబ్బు ఇకముందు ఎలా ఉంటుందో చెప్పడం) పక్కన ప్రజ్ఞ పెట్టి చూస్తే ప్ర, ప్రో కూడా చుట్టాలే. నాకు ఒళ్ళు జలదరించింది. పొద్దున్న డాక్టరు చీటీలో, సాయంత్రం దీపం పెట్టి చదువుకునే శ్లోకంలో ఒకే వేరు!

మోకాలికీ అలాంటి కథే ఉంది. దానికి సంస్కృతంలో జానువు. "అంటే మామ్మ చదివే ఆజానుబాహుడు?" అంది గుంట వెంటనే. అవును, చేతులు మోకాళ్ళ దాకా ఉన్నవాడు, రాముడు. ఆ జానువూ, మా పిల్లని నవ్వులపాలు చేసిన ఇంగ్లీషు మాటా ఒక తల్లి పిల్లలే.

అయితే అక్షరాలు కలిసినంత మాత్రాన అన్నీ చుట్టాలు కావని కూడా చెప్పాను. సైన్‌లో జీ, ఎన్ ఉన్నా అది గుర్తుకి సంబంధించిన వేరే మాట. ఫారిన్‌లో జీ అయితే ఎప్పుడూ ఎవరూ పలికింది కాదు, మధ్యలో ఎవరో రాతలో చేర్చారు. గుంట దానికి నొచ్చుకుంది. పలకని ప్రతి అక్షరం వెనకా ఒక పాత గొంతు ఉండాలని అప్పటికే అనుకుంది పాపం.

తెలుగు ఆ కుటుంబంలోది కాదు. మన సొంత మాట ఎఱుక. అది కాగితం మీద రాసి చూపించాను, బండి ఱతో. "ఇది మామూలు ర కాదా?" అంది. ఒకప్పుడు దీని పలుకు వేరు, ఇప్పుడు మన నోట్లో రెండూ ఒకటే. వాళ్ళ కే పూర్తిగా మాయమైంది, మన ఱ పక్కింటి ర లో కలిసిపోయింది. ఇప్పుడైతే చాలామంది ఎరుక అనే రాస్తారు, అదీ తప్పనను. రాత ఒకటీ నోటిమాట ఒకటీ అయితే పిల్లలు ఎంత నలిగిపోతారో ఈ ఊళ్ళోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు చూశారు, వాడుకభాష కోసం పోరాడారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరల మాట విని నేర్చుకున్న మనిషి ఆయన. పిల్ల పలికిన పలుకు వినగానే నవ్వకుండా, ఎందుకలా పలికిందని అడిగేవాళ్ళు ఆ క్లాసులో ఒక్కరైనా ఉంటే బాగుండేది. అందుకు నాకు కోపంగానే ఉంది.

ఇప్పుడు గుంట మామ్మ మోకాలికి కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తోంది. రాస్తూ స్పెల్లింగు చెబుతోంది, "కే, ఎన్, ఈ, ఈ." కే దగ్గర కొంచెం గట్టిగా నొక్కుతోంది. అత్తయ్య "మెల్లిగా తల్లీ" అంటోంది.